బొమ్మ అంచుకు పళ్లొచ్చాయి

స్క్రీన్ మీద నున్నగా ఉన్న ఫొటో కాగితం మీదికొచ్చేసరికి రంపంలా ఎందుకవుతుంది? పేజీలు పెట్టేవాళ్లు దాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

“అన్నా, అమ్మాయి జడ చుట్టూ ఇదేంది, పళ్లు పళ్లుగా కనబడ్తంది?”

“స్క్రీన్ మీదనే అట్ల ఉంటది. ప్రింటుల రాదన్నా.”

హైదరాబాద్ ఛత్తాబజార్‌లో పెళ్లి కార్డుల దుకాణమైనా, విజయవాడలో పుస్తకాలు వేసే ప్రెస్సయినా ఈ రెండు మాటలూ యాస మార్చుకుని వినపడుతూనే ఉంటాయి. చిక్కేమిటంటే, ఆపరేటర్ చెప్పింది ఒక్కోసారి అక్షరాలా నిజం. ఒక్కోసారి మాత్రం కార్డులన్నీ అచ్చయి, కట్టలు కట్టాక గానీ అబద్ధమని తేలదు. అతను కావాలని దాటవేశాడని అనలేం. అతనికీ తెలియకపోవచ్చు. చూడ్డానికి ఒకేలా ఉండే ఆ రంపపు పళ్లకు కారణాలు వేరువేరు. అవి ఫొటోలోనే ఉండొచ్చు. కటింగ్ చేసినప్పుడు పడి ఉండొచ్చు. పేజీలో పెట్టాక సాగదీస్తే వచ్చి ఉండొచ్చు. పీడీఎఫ్ తీసేటప్పుడు పుట్టి ఉండొచ్చు. అసలెక్కడా లేకుండా ఒట్టి కంప్యూటర్ తెర మీదే ఉండొచ్చు. మన దగ్గర మాత్రం అన్నింటికీ ఒకటే వైద్యం: ఫొటోషాప్ తెరిచి అంచు మీద కాస్త బ్లర్ కొట్టడం. పళ్లు పోతాయి, నిజమే. వాటితోపాటు ముక్కూ మొహమూ కూడా కాస్త పోతాయి.

పళ్లు ఎక్కడ పుట్టాయో తెలుసుకోకుండా బొమ్మ మీద చెయ్యి వెయ్యకూడదన్నది నా వాదన. తెలుసుకోవడం అంత కష్టమూ కాదు.

తెర మీది నకలు

పేజ్‌మేకర్, క్వార్క్ ఎక్స్‌ప్రెస్, ఇన్‌డిజైన్... పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, మనం పెట్టిన ఫొటోను ఉన్నదున్నట్టు చూపించదు. దాని చిన్న నకలును తెర మీద పరిచి, అసలు ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో చిరునామా రాసి పెట్టుకుంటుంది. ప్రింట్ ఇచ్చినప్పుడు ఆ చిరునామాకు వెళ్లి అసలును తెచ్చుకుంటుంది.

ఇది 1985లో మొదలైన అలవాటు. సియాటిల్‌లో పాల్ బ్రెయినర్డ్ పెట్టిన ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్‌ను, యాపిల్ కంపెనీ లేజర్‌రైటర్ ప్రింటర్‌ను ఆ ఏడాదే తెచ్చాయి. రెండింటి మధ్యా దుబాసీగా అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ ఉండేది. డీటీపీ అని మనం ఇప్పటికీ పిలుచుకుంటున్న వృత్తి అలా పుట్టింది. పేజ్‌మేకర్ నడిచిన నాటి మెకింతోష్ మెమరీ 512 కిలోబైట్లు. ఏ4 కాగితం నిండా అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున నాలుగు రంగుల ఫొటో పెడితే అదొక్కటే దాదాపు 35 మెగాబైట్లు అవుతుంది. అలాంటి మెషీన్లు అరవైకి పైగా కలిపితే గానీ ఆ ఒక్క ఫొటో పట్టదు. నకలుతో పని నడపడం తప్ప వాళ్లకు వేరే దారి లేదు. ఇప్పుడు మెమరీకి కరువు లేకపోయినా అలవాటు మిగిలింది. 1999లో వచ్చిన ఇన్‌డిజైన్ కూడా చాలా కంప్యూటర్లలో ‘టిపికల్’ అనే మధ్యరకం నకలునే చూపిస్తూ ఉంటుంది.

కాబట్టి మొదటి పరీక్ష ఇక్కడే. వ్యూ మెనూలో డిస్‌ప్లే పెర్ఫార్మెన్స్‌కి వెళ్లి ‘హై క్వాలిటీ’ పెట్టండి. పళ్లు మాయమైతే మీ బొమ్మకు ఏ రోగమూ లేదు. అనుమానం తీరకపోతే ప్రెస్సుకు పంపే సెట్టింగులతోనే పీడీఎఫ్ తీసి, 400 శాతానికి పెంచి చూడండి. పేజీ మొత్తం తెర మీద పట్టేలా 33 శాతంలోనో 67 శాతంలోనో ఉంచి అంచుల మీద తీర్పు చెప్పడం మాత్రం వద్దు. ఆ సైజులో బొమ్మలోని పిక్సెళ్లకూ తెర మీది పిక్సెళ్లకూ లెక్క కుదరక లేనిపోని మెట్లు కనిపిస్తాయి.

అయితే నకలు నకలుగానే అచ్చయిపోయే సందర్భాలూ ఉన్నాయి. చిన్న ప్రెస్సులను ముంచేవి ఇవే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. పాత తెలుగు ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు, ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు – వీటి కోసం దాన్ని వదల్లేని చోట్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. అందులో లోగోనో బొమ్మనో ఈపీఎస్ ఫైలుగా పెడుతుంటారు. ఈపీఎస్‌లో రెండు భాగాలుంటాయి: ప్రింటర్ చదువుకోవడానికి పోస్ట్‌స్క్రిప్ట్ కోడ్, మనిషి చూసుకోవడానికి ఓ ముతక ప్రివ్యూ. పోస్ట్‌స్క్రిప్ట్ తెలిసిన ప్రింటర్ కోడ్ చదువుతుంది. ఆ భాష రాని మామూలు ప్రింటర్ ప్రివ్యూనే అచ్చు కొట్టేస్తుంది. అక్కడ “ప్రింటుల రాదన్నా” అన్న మాట పూర్తిగా తిరగబడుతుంది: తెర మీద ఎలా ఉందో సరిగ్గా అలాగే వస్తుంది. ఫొటో అయితే ఈపీఎస్‌కు బదులు టిఫ్ వాడాలి. లేదంటే పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్‌తో ఫైలు రాయించి, దాన్ని డిస్టిలర్‌లో పీడీఎఫ్‌గా మార్చి, ఆ పీడీఎఫ్‌ను ప్రింట్ ఇవ్వాలి.

రెండోది ఇంకా మామూలు. పేజీ ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రెస్సుకు వస్తారు. ఫొటోలు ఇంట్లో కంప్యూటర్లోనే ఉండిపోతాయి. చిరునామా ఉంది, ఆ ఇంట్లో మనిషి లేడు. సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. ఇన్‌డిజైన్ లింక్స్ ప్యానెల్లో ఎర్రటి ప్రశ్నార్థకం పెడుతుంది. హడావుడిలో ఓకే నొక్కేస్తే తెర మీది నకలే ప్లేటెక్కుతుంది. ఇన్‌డిజైన్‌లో ‘ప్యాకేజ్’ అనే కమాండ్ ఉన్నదే ఇందుకు. పేజీని, ఫొటోలను, ఫాంట్లను ఒకే ఫోల్డర్లోకి చేర్చి ఇస్తుంది. వాడేవాళ్లు తక్కువ.

గళ్లలో వంపు

తెర చెప్పింది నిజమే, ఫొటోలోనే పళ్లున్నాయని తేలిందనుకుందాం. అప్పుడు పిక్సెల్ దగ్గరికి వెళ్లాలి.

1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసే రసెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఐదు సెంటీమీటర్ల బొమ్మ. అడ్డంగా 176, నిలువుగా 176 గళ్లు. కంప్యూటర్లోకి స్కాన్ అయిన మొట్టమొదటి ఫొటో అదే. గడిని చదరంగా ఎంచుకోవడం తెలివితక్కువ పని అయిందనీ, దాని ఫలితం లోకమంతా అనుభవిస్తోందనీ కిర్ష్ పెద్ద వయసులో తానే ఒప్పుకున్నాడు. వంపులకు తగ్గట్టు ఆకారం మారే పిక్సెళ్ల మీద పనిచేశాడు కూడా. ఆయన 2020లో పోయాడు. చదరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

చదరపు గళ్లకు నిలువు గీతతో పేచీ లేదు, అడ్డగీతతోనూ లేదు. ఏటవాలుగా వెళ్లేదీ వంపు తిరిగేదీ వచ్చిందంటే మెట్లు తప్పవు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో చాలావాటికి నిలువు గీతలుంటాయి కాబట్టి ముతక రిజల్యూషన్‌లోనూ పరువు దక్కించుకుంటాయి. మన అక్షరాలకు ఆ వీలు లేదు. ‘లక్ష్మీ’ అన్న పేరు రాసి చూడండి. ‘ల’ దగ్గర్నుంచి గుడి దీర్ఘం దాకా తిన్నని గీత దొరకడం కష్టం. అందుకే పెళ్లి కార్డు మీద పేర్లను ఫొటోషాప్‌లో రాసి, గోల్డ్ ఎఫెక్ట్ ఇచ్చి, జేపెగ్ చేసి పేజీలో పెట్టినప్పుడు తెలుగు పేర్లే ముందు పాడవుతాయి. ఒత్తుల దగ్గర చూడండి, అక్కడ బయటపడుతుంది. అక్షరాలను పేజీ సాఫ్ట్‌వేర్‌లోనే టైపు చేయాలి. లేదా కోరల్‌డ్రాలో, ఇలస్ట్రేటర్‌లో కర్వ్స్‌గా మార్చి తెచ్చుకోవాలి. కర్వ్ అంటే గళ్లు లేని గీత. ఎంత పెంచినా ప్రింటర్ తన సొంత రిజల్యూషన్‌లో కొత్తగా గీసుకుంటుంది. లోగోలకూ ఇదే నియమం. వెబ్‌సైట్‌లోంచి లోగో కాపీ చేసి పెట్టడం అనే అలవాటుకు మన సావనీర్ల చివరి పేజీల్లోని యాడ్లన్నీ సాక్ష్యం.

మెట్లను కంటికి కనపడకుండా చేసే ఉపాయాన్ని కంప్యూటర్ వాళ్లు 1970ల్లో కనిపెట్టారు. ఫ్రాంక్ క్రో 1977లో దీని మీద రాసిన పరిశోధన పత్రం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అంచు ఒక గడిని సగం కోసుకుంటూ వెళ్తే ఆ గడికి సగం నలుపు ఇవ్వాలి. పావు కోస్తే పావు నలుపు. దాన్నే యాంటీ ఎలియాసింగ్ అంటున్నాం. ఇది మన మగ్గాల మీద ఎప్పుడో జరిగింది. జకార్డ్ మగ్గం మీద నేసిన చీర అంచులో మామిడి పిందెను దగ్గరగా చూస్తే వంపు మెట్లు మెట్లుగా ఉంటుంది. డిజైనర్ గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి గీసినదే మగ్గం ఎక్కుతుంది మరి. పోచంపల్లి ఇక్కత్‌లో అలా కాదు. నూలుకు ముందే రంగు అద్దడం వల్ల పోగులు ఇసుమంత అటూ ఇటూ జరిగి అంచు చెదురుతుంది. ఆ చెదురుకే కన్ను మోసపోయి వంపును నున్నగా చూస్తుంది.

ఎఫెక్టివ్ పీపీఐ అనే అంకె

ఫొటో సరిపోతుందా లేదా అన్నది కేబీలు, ఎంబీలు చూసి చెప్పలేం. చూడాల్సింది ఒకే ఒక్క అంకె. ఇన్‌డిజైన్‌లో ఫొటో మీద క్లిక్ చేసి లింక్స్ ప్యానెల్ కింది భాగం చూస్తే రెండు అంకెలుంటాయి: యాక్చువల్ పీపీఐ, ఎఫెక్టివ్ పీపీఐ. మొదటిది ఫైల్లో రాసున్నది. రెండోది పేజీలో మీరు పెట్టిన సైజుకు అంగుళంలో నిజంగా ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయో చెబుతుంది. 300 ఉన్న ఫొటోను 250 శాతం సాగదీస్తే ఎఫెక్టివ్ 120కి పడిపోతుంది. ఫైల్లో ఇంకా 300 అనే ఉంటుంది. “300లోనే ఇచ్చాం సార్” అన్న గొడవలన్నీ ఈ రెండు అంకెల మధ్య జరిగేవే.

మన సంగతికొస్తే ఫొటోలన్నీ వచ్చేది వాట్సాప్‌లోనే. మామూలుగా పంపితే పెద్ద భుజం 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. దాన్ని పేజీలో 5 అంగుళాల వెడల్పున పెడితే అంగుళానికి 320. భేషుగ్గా ఉంటుంది. ఏ4 వెడల్పంతా పరిస్తే 193. పదహారు అంగుళాల పోస్టర్ మీద 100. అదే ఫొటో, అదే ఫైలు. డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపమంటే అసలు ఫైలే వస్తుంది. అడగడానికి మొహమాటపడి, వచ్చినదాన్ని రాత్రంతా రిపేరు చేసేవాళ్లు ఎందుకో ఎక్కువ.

ఇక ఆ 300. దాన్ని మంత్రంలా జపిస్తారు గానీ అది మంత్రం కాదు, ఓ గుణకారం. అచ్చులో ఫొటో చుక్కలుగా విడిపోతుంది. మెరిసే కాగితం మీద మ్యాగజైన్ వేసేటప్పుడు అంగుళానికి 150 వరుసల చుక్కలు. వరుసకు రెండు పిక్సెళ్ల చొప్పున ఇవ్వమన్నారు కాబట్టి 300. దినపత్రిక న్యూస్‌ప్రింట్ మీద 85 నుంచి 100 వరుసలకు మించి ఎక్కవు, సిరా పీల్చుకుని చుక్కలు అలుక్కుపోతాయి. అక్కడ 200 చాలు. రోడ్డు మీది ఫ్లెక్సీని ఎవరూ జేబులో పెట్టుకుని చదవరు, 72 ఉన్నా నడుస్తుంది. కాబట్టి ఫ్లెక్సీ కోసం చేసిన ఫైలును కార్డుకు వాడటం, కార్డు ఫైలుకు ఫ్లెక్సీ లెక్కలు చెప్పడం రెండూ ప్రమాదమే.

ఫొటోషాప్‌లో ఇమేజ్ సైజ్ తెరిచి 72 అని ఉన్నచోట 300 అని కొట్టేసి చేతులు దులుపుకోవడం ఇంకో ఆచారం. రీశాంపుల్ టిక్ లేకపోతే పిక్సెళ్లు అవే ఉంటాయి, అంగుళాలు తగ్గుతాయి. టిక్ ఉంటే పక్క పక్క పిక్సెళ్ల సగటు తీసి కొత్తవి నింపుతుంది. మెట్లు అరిగి మసక అవుతాయి. లేని వివరం ఎక్కడి నుంచీ రాదు.

కన్ను పట్టేసే మెట్టు

ఇక్కడో తమాషా ఉంది. మంచి చూపున్న మనిషి కన్ను రెండు చుక్కలను విడివిడిగా చూడగల హద్దు సుమారు ఒక ఆర్క్‌మినిట్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. పుస్తకాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది 0.087 మిల్లీమీటర్లు. అంగుళానికి 290 చుక్కలన్నమాట. అంటే 300 ఇస్తే కంటికి సరిపోవాలి. కానీ 300 పీపీఐలో స్కాన్ చేసిన నల్లగీత బొమ్మలో పళ్లు కనపడుతూనే ఉంటాయి. ఎందుకు?

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ పట్టినవాళ్లకు జవాబు తెలిసినట్టే. రెండు గీతలు ఒకదానికొకటి తిన్నగా కలిశాయా, వెంట్రుకవాసి తప్పాయా అన్నది కన్ను ఎంత బాగా పోలుస్తుందో ఆ పరికరం ఆధారపడ్డదే దాని మీద. చుక్కలు విడదీయడంలో కంటికున్న శక్తి కంటే ఈ శక్తి చాలా రెట్లు ఎక్కువ, ఆరేడు రెట్ల దాకా ఉంటుంది. బొమ్మ అంచులోని మెట్టు అంటే గీత తన దారి నుంచి కాస్త పక్కకు జరగడమే. కన్ను అక్కడే పట్టేసుకుంటుంది. బుగ్గ మీది నీడలో వంద తప్పులున్నా క్షమించే చూపు, గడ్డం అంచున ఒక్క మెట్టును క్షమించదు.

గీతబొమ్మలకు 1200 పీపీఐ అడగడం అందుకే. పైగా గ్రేస్కేల్‌లో కాదు, నలుపు తెలుపు రెండే ఉన్న బిట్‌మ్యాప్ టిఫ్‌లో. మన దగ్గర దీనికి బాపు బొమ్మను మించిన పరీక్ష లేదు. ఆయన గీత సన్నగా మొదలై, మలుపు దగ్గర లావెక్కి, మళ్లీ సూదిమొనలా ముగుస్తుంది. దాన్ని 300 గ్రేస్కేల్‌లో స్కాన్ చేస్తే ఆ మొన బూడిదరంగు పిక్సెళ్లవుతుంది. ప్రెస్సులో బూడిదరంగు అనేది లేదు, నల్లటి చుక్కలే ఉంటాయి. కాబట్టి సూదిమొన చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది. 1200 బిట్‌మ్యాప్‌లో అయితే చుక్కల జల్లెడ గుండా పోకుండా గీత గీతగానే ప్లేటు మీదికి దిగుతుంది. లెటర్‌ప్రెస్ కాలంలో దీనికోసమే లైన్ బ్లాకు వేరు, హాఫ్‌టోన్ బ్లాకు వేరు చేయించేవారు. బొమ్మ గీసేవాళ్లు కూడా అచ్చయ్యే సైజు కంటే పెద్దగా గీసి ఇచ్చేవారు. బ్లాకులో తగ్గించినప్పుడు చేతి వణుకు కూడా తగ్గిపోతుందని. పాత పత్రికల్లోని బొమ్మలను ఫోన్‌తో ఫొటో తీసి సంకలనాల్లో వేస్తున్నవారు ఈ రెండు రకాల బ్లాకుల సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుండును.

జడ, మల్లెలు, బుట్టకమ్మలు

కటింగే అసలు పని. పెళ్లికూతురి ఫొటోలోంచి వెనక ఉన్న గోడను తీసేసి, కార్డులోని ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద నిలబెట్టాలి. 400 శాతానికి పెంచుకుని జడ వెంట మెల్లగా కిందికి దిగుదాం.

భుజం, చీర అంచు, గాజులు – ఇవి గట్టి అంచులు. వీటికి పెన్ టూల్‌తో పాత్ వేయడమే మేలు. పాత్ అంటే గళ్లు లేని గీత, ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియర్ బెజియె కార్ల బాడీలు గీయడానికి వాడుకలోకి తెచ్చిన వంపు. సరిగ్గా వేస్తే ప్రెస్సులో కత్తితో కోసినట్టు వస్తుంది. కానీ చాలామంది పెన్ పట్టుకునే ఓపిక లేక మ్యాజిక్ వాండ్‌తో సెలెక్ట్ చేసి, దాన్ని పాత్‌గా మార్చేస్తారు. అప్పుడు ప్రతి పిక్సెల్ మూలకూ ఓ పాయింటు పడి, భుజం కొండల వరసలా తయారవుతుంది. నున్నటి పాత్‌కు తక్కువ పాయింట్లు కావాలి. భుజానికి మూడు నాలుగు చాలు. పాత్‌ను క్లిప్పింగ్ పాత్‌గా సేవ్ చేసేటప్పుడు ఫ్లాట్‌నెస్ అని ఓ గడి అడుగుతుంది. ఖాళీగా వదిలేయండి. అక్కడ పెద్ద అంకె పడితే ప్రింటర్ వంపును తిన్నని ముక్కలుగా విరిచి గీస్తుంది.

ఇన్‌డిజైన్‌లోనే ‘డిటెక్ట్ ఎడ్జెస్’ అని ఓ అవకాశం ఉంది. తెల్ల గోడ ముందు నిలబెట్టి తీసిన ఫొటో అయితే తెలుపును తానే తీసేస్తుంది. థ్రెషోల్డ్ పెంచితే ఎక్కువ తెలుపు పోతుంది, టాలరెన్స్ పెంచితే గీత నున్నబడుతుంది, ఇన్‌సెట్ ఇస్తే అంచు కాస్త లోపలికి జరుగుతుంది. చెంబు, కొబ్బరికాయ లాంటి వస్తువులకు బాగానే పనికొస్తుంది. పెళ్లికూతురి మీద మాత్రం ప్రయోగించొద్దు. జడలోని మల్లెలూ తెల్లవే. గోడతోపాటు పూలు కూడా పోతాయి.

ఇప్పుడు చెవి దగ్గరికి రండి. బుట్టకమ్మ కింద ముత్యాలు, వాటి సందుల్లోంచి పాత గోడ రంగు. చెంప పక్కన గాలికి లేచిన సన్నటి వెంట్రుకలు. ఇక్కడ పాత్ పనిచేయదు. వెంట్రుక పిక్సెల్ కంటే సన్నం. ప్రతి పిక్సెల్లోనూ కొంత జుట్టు, కొంత గోడ కలిసి ఉంటాయి. కత్తితో కోస్తే జుట్టయినా పోవాలి, గోడయినా మిగలాలి. దీనికి లేయర్ మాస్క్ కావాలి. మాస్క్‌లో నలుపు తెలుపులే కాక మధ్య ఛాయలూ ఉంటాయి కాబట్టి పిక్సెల్‌ను సగం ఉంచి సగం మాయం చేయొచ్చు. ఫొటోషాప్‌లో 2016 నుంచి ఉన్న ‘సెలెక్ట్ అండ్ మాస్క్’లో రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో ఆ వెంట్రుకల మీద రాస్తే చాలావరకు అదే లెక్క కడుతుంది. ‘డీకంటామినేట్ కలర్స్’ అన్న టిక్ పెడితే అంచు పిక్సెళ్లలో ఇరుక్కున్న గోడ రంగును తోడేసి జుట్టు రంగు నింపుతుంది. ఈ టిక్ మరిచిపోతే ఎర్ర కార్డు మీద జడ చుట్టూ తెల్లటి గీత మిగులుతుంది. పళ్లు అని గోల పెట్టేవాటిలో కొన్ని నిజానికి ఈ తెల్లగీతే.

ఇంత చేసి ఆ ఫైలును ఎలా సేవ్ చేస్తారన్నది చివరి గండం. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు. జిఫ్‌లో ఉంది గానీ పిక్సెల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మధ్యఛాయలు అందులో నిలవవు, మళ్లీ పళ్లే. లేయర్లతో పీఎస్‌డీగానే ఉంచి ఇన్‌డిజైన్‌లో నేరుగా పెట్టేయడం సుఖం. పేజ్‌మేకర్ వాడేవాళ్లకు ఈ మెత్తటి అంచులతో పనే జరగదు. కార్డు బ్యాక్‌గ్రౌండ్‌ను, ఫొటోను ఫొటోషాప్‌లోనే కలిపి, ఒకే టిఫ్ చేసి పెట్టుకోవాలి. అక్షరాలు మాత్రం పైన పేజ్‌మేకర్‌లోనే.

గుమ్మం దగ్గర

అంతా బాగుండి పీడీఎఫ్ తీసేటప్పుడు చెడిపోవడం కూడా ఉంది. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో కంప్రెషన్ పేజీ చూడండి. ఫొటోలను కుదించడానికి బైక్యూబిక్, యావరేజ్, సబ్‌శాంప్లింగ్ అని పద్ధతులుంటాయి. మొదటి రెండూ పిక్సెళ్లను కలిపి లెక్క కడతాయి. సబ్‌శాంప్లింగ్ మధ్యలో ఉన్న ఒక్క పిక్సెల్‌ను తీసుకుని చుట్టూ ఉన్నవాటిని పారేస్తుంది. అంచుల్లో మెట్లు గ్యారంటీ. ప్రెస్ క్వాలిటీ ప్రీసెట్‌లో ఉండేది బైక్యూబిక్. 450కి పైన ఉన్న ఫొటోలనే 300కి దించుతుంది. దాన్ని కదపకపోతే చాలు.

నీడ ఇచ్చిన అక్షరాల సంగతి వేరు. పేరు కింద డ్రాప్ షాడో పెట్టి పీడీఎఫ్ ఎక్స్-1ఏ తీస్తే ఆ పద్ధతిలో పారదర్శకతకు చోటు లేదు. సాఫ్ట్‌వేర్ నీడను, దానితో కలిసిన అక్షరం ముక్కను కలిపి ఫొటోగా మార్చేస్తుంది. ఈ పని చేసే ఫ్లాటెనర్ సెట్టింగ్ తక్కువ రిజల్యూషన్‌లో ఉంటే పేరులో సగం అక్షరాలు నున్నగా, సగం ముతకగా వస్తాయి. అక్షరాల లేయర్‌ను నీడలున్న బొమ్మల పైకి జరపాలి, ఫ్లాటెనర్‌ను హై రిజల్యూషన్‌లో ఉంచాలి. ప్రెస్సు ఒప్పుకుంటే ఎక్స్-4 ఇవ్వడం ఇంకా మంచిది, పారదర్శకత అలాగే వెళ్తుంది. ఇలాంటి పీడీఎఫ్‌లో సన్నటి తెల్లగీతలు అడ్డదిడ్డంగా కనిపించి గుండె ఆగినంత పని అవుతుంటుంది. జూమ్ మార్చినప్పుడు వాటి మందం మారకపోతే అవి తెర మీదివే. వాటికి మాత్రం “ప్రింటుల రాదన్నా” అని ధైర్యంగా చెప్పొచ్చు.

ఏఐతో ఫొటో పెంచే పనిముట్ల గురించి అడుగుతున్నారు. చీర జరీ, గుడి గోపురం, చెట్ల ఆకులు – వీటికి నాకేం అభ్యంతరం లేదు. అంచులు నిజంగానే నున్నబడతాయి. మొహాలకు మాత్రం వద్దంటాను. అది పాత ఫొటోలో ఉన్నదాన్ని బయటికి తీయదు, ఉండి ఉంటుందనుకున్నదాన్ని గీస్తుంది. పెద్దకర్మ కార్డు మీద తాతగారి కళ్లు ఇంకెవరివో అయిపోతే ఇంట్లోవాళ్లకు వెంటనే తెలుస్తుంది, ఏం మారిందో చెప్పలేక ఊరుకుంటారు. పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒక్కటే ఉందనుకోండి, దాన్ని ఫోన్‌తో తీయకుండా స్కానర్ మీద పెట్టి 600లో స్కాన్ చేయండి. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పుకు 827 పిక్సెళ్లొస్తాయి. 300 లెక్కన రెండున్నర అంగుళాల పైన వెడల్పున నిక్షేపంగా అచ్చు వేయొచ్చు. కార్డుకు అంతకంటే ఎందుకు?

ఇవన్నీ సరిచూసుకున్నా షీటు మీద అంచు చెదిరినట్టు కనపడితే లూప్ అనే చిన్న భూతద్దం పెట్టి చూడండి. అంచుకు ఒక పక్క నీలం, రెండో పక్క గులాబీ తొంగిచూస్తుంటే ఫైలులో దోషం వెతకడం దండగ. నాలుగు రంగుల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. వానాకాలంలో రీములు విప్పి వదిలేస్తే తేమకు కాగితం సాగి కూడా ఇలా అవుతుంది. షీటు మూలల్లో రిజిస్ట్రేషన్ మార్కులు నాలుగూ కలిశాయో లేదో చూసి మెషీన్‌మ్యాన్‌ను పిలవాలి. ప్లేటు కాస్త జరిపి, పాతిక షీట్లు పారేసి, మళ్లీ తీస్తాడు.